పాఠకుల ప్రశ్నలు: కథ తమ్ముడిది, కళ్ళు అన్నవి

గత సంచికలో అమెరికన్ టీవీ ధారావాహికల గురించి రాస్తూ ‘సూపర్‌నేచురల్’ పేరును ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆ వాక్యం పట్టుకుని వచ్చిన ఉత్తరాలు చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: అన్నదమ్ములిద్దరిలో రచయితలు ఎవరి పక్షం వహించారు? అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

చూడనివారి కోసం నాలుగు మాటలు. ఎరిక్ క్రిప్కీ సృష్టించిన ఈ ధారావాహిక 2005 సెప్టెంబరు 13న ది డబ్ల్యూబీ చానల్‌లో మొదలై, మరుసటి ఏడు ది సీడబ్ల్యూ చానల్‌కు మారి, 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు నడిచి, 2020 నవంబరు 19న ముగిసింది. దెయ్యాలనూ పిశాచాలనూ వేటాడుతూ ఊరూరా తిరిగే వించెస్టర్ సోదరులలో అన్న డీన్‌గా జెన్సెన్ ఆకల్స్, తమ్ముడు సామ్‌గా జారెడ్ పడలెకీ నటించారు. ముగింపు ముందే తెలిసిపోతే ఉసూరుమనేవారు ఈ పేజీని దాచుకుని, చూసిన తరువాత చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: మా ఇంట్లో ఈ తగవు ఏళ్ళ తరబడి నడుస్తోంది. నేను సామ్ హీరో అంటాను. తల్లి చనిపోయింది అతని ఉయ్యాల ఉన్న గదిలో, అతీత శక్తులు వచ్చింది అతనికి, చివరికి లూసిఫర్, అంటే సైతాను, కోరుకున్నదీ అతని దేహాన్నే. మా చెల్లెలు మాత్రం ఇది ముమ్మాటికీ డీన్ కథ అంటుంది. ఎవరికి ఎంత ఫుటేజీ వచ్చిందో ఎపిసోడ్ల వారీగా లెక్క తీస్తే ఈ తగవు తీరుతుందా?

జవాబు: తీరదు. మీరూ మీ చెల్లెలూ కొలుస్తున్నవి రెండు వేరు వేరు సంగతులు కనుక, గడియారం దగ్గర పెట్టుకుని ఎన్ని ఎపిసోడ్లు చూసినా ఇద్దరూ ఎవరి మాట మీద వారు నిలబడవచ్చు. సంఘటన ఎవరికి జరుగుతోంది అన్నది మీ కొలత. ఆ సంఘటనను మనం ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాం అన్నది మీ చెల్లెలి కొలత. ఈ ధారావాహిక మంచి రోజులలో నిలబెట్టుకున్న సమతూకం ఈ రెండింటినీ ఇద్దరికీ పంచి ఇవ్వడంలోనే ఉంది.

మొదటి ఎపిసోడ్ నుంచే చూడండి. 1983 నవంబరు 2వ తేదీ రాత్రి, కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్‌లో, పసివాడి గది మంటల్లో చిక్కుకుంటుంది. తండ్రి జాన్ ఆరు నెలల సామ్‌ను నాలుగేళ్ళ డీన్ చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా బయటికి పరుగెత్తమంటాడు. పసివాడికి ఏమీ తెలియదు, ఏమీ గుర్తుండదు. తల్లిని మింగిన మంట అతని కోసం వచ్చినదే అయినా ఆ రాత్రిని మోసింది మాత్రం తమ్ముణ్ణి ఎత్తుకుని మెట్లు దిగిన నాలుగేళ్ళవాడు. ఇరవై రెండేళ్ళ తరువాత, అదే ఎపిసోడ్ చివర, సామ్ ప్రేమించిన జెస్సికా తల్లి చనిపోయిన విధంగానే గది పైకప్పుకు అంటుకుని మంటల్లో కాలిపోతుంది. మళ్ళీ డీనే తలుపు తోసుకుని వచ్చి తమ్ముణ్ణి బయటికి లాగుతాడు. రెండు సార్లూ దెబ్బ తగిలింది తమ్ముడికి, భారం పడింది అన్నకు. తరువాత పదిహేనేళ్ళూ రచయితలు తిప్పి తిప్పి వాడుకున్న ఏర్పాటు మొత్తం ఈ రెండు అగ్నిప్రమాదాల మధ్యే ఉంది.

అయితే మీ వాదనకు బలమిచ్చే సంగతి ఒకటి మీరు రాయలేదు, నేను రాస్తాను. ఆ మొదటి ఎపిసోడ్‌లో మనం ఎక్కువ భాగం సామ్‌తోనే ఉంటాము. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ, సోమవారం నాటి లా స్కూల్ ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్న కుర్రవాడి ఇంట్లోకి అర్ధరాత్రి ఎవరో చొరబడతారు. చీకట్లో పెనుగులాట జరిగిన తరువాత గానీ అతను అన్న అని తెలియదు. అంటే డీన్ ఈ కథలోకి ముఖం తెలియని మనిషిగా వస్తాడు. కొత్త ప్రేక్షకుణ్ణి వింత లోకంలోకి దింపాలంటే ఆ లోకాన్ని వదిలి వచ్చినవాడి వెంట నడిపించడం తేలిక కనుక రచయితలు అక్కడ సామ్ కళ్ళను వాడుకున్నారు. మొదటి సీజన్‌లో సామ్‌కు వచ్చే పీడకలలను కూడా మనం అతనితోపాటే, అతని తలలో నుంచే చూస్తాము.

మరి ఆ కళ్ళు డీన్‌కు ఎప్పుడు మారాయి? నా లెక్కలో రెండో సీజన్ తొలి ఎపిసోడ్‌లో, ఆసుపత్రి గదిలో. చావు అంచు నుంచి అప్పుడే లేచిన డీన్ మంచం మీద ఉంటాడు. తండ్రి సామ్‌ను కాఫీ తెమ్మని పంపి, పెద్ద కొడుకు చెవి దగ్గర వంగి ఏదో చెబుతాడు. ఆ మాట మనకు వినిపించదు. డీన్ ముఖం మారడం మాత్రం కనిపిస్తుంది. కాసేపటికి సామ్ కాఫీ కప్పుతో తిరిగి వస్తే తండ్రి నేల మీద పడి ఉంటాడు. కప్పు అతని చేతిలో నుంచి జారిపోతుంది. చెవిలో చెప్పిన మాట ఏమిటో సీజన్ సగానికి వచ్చాక గానీ బయటపడదు: తమ్ముణ్ణి కాపాడాలి, కాపాడడం చేతకాకపోతే చంపాలి. ఇందులోని పనితనం గమనించండి. ప్రమాదం సామ్ రక్తంలో ఉంది, దాని రహస్యం డీన్ చెవిలో ఉంది. ఇక ఆపైన సామ్‌కు ఏం జరిగినా, ఒక కల వచ్చినా, అతనివంటి శక్తులు ఉన్న మరో యువకుడు ఎదురైనా, ఆ సీన్ తనంత తానుగా డీన్ సీన్ అయిపోతుంది. సామ్ మాట్లాడుతున్నంతసేపూ మన కళ్ళు డీన్ ముఖం మీదే ఉంటాయి. ఒక్క చిన్న గుసగుసతో ఇరవై రెండు ఎపిసోడ్ల సీజన్‌కు తూకం ఏర్పాటు చేశారు.

దీని వెనుక ఒక కారణం ఉంది, ఇది ఏ భాషలో కథ చెప్పినా వర్తిస్తుందని నా నమ్మకం. ఒక మనిషిలోనే రహస్యాన్ని పెట్టినప్పుడు కథకుడు ఆ మనిషి లోపల ఎక్కువసేపు కూర్చోలేడు. కూర్చుంటే రహస్యం నిలవదు. బయటికి వచ్చి, అతణ్ణి ప్రేమించేవారి పక్కన నిలబడవలసి వస్తుంది. నాలుగో సీజన్‌లో ఇది పరాకాష్ఠకు చేరింది. అన్న నరకంలో ఉన్న నాలుగు నెలల్లో సామ్ రూబీ అనే పిశాచంతో చేతులు కలిపి తన శక్తులను సాన పెట్టుకున్నాడు. అతను మనసుతోనే ఒక పిశాచాన్ని మనిషి ఒంట్లో నుంచి వెళ్ళగొడుతున్నప్పుడు డీన్ కిటికీ బయట చీకట్లో నిలబడి చూస్తుంటాడు. మనమూ ఆ కిటికీ బయటే ఉన్నాము. సామ్‌కు అది ప్రాణాలు కాపాడే పని. కానీ కిటికీ ఇవతల నుంచి చూసేవాడికి అది ద్రోహంగానే కనబడుతుంది.

కాబట్టి మీ చెల్లెలికి మీరు ఇలా చెప్పవచ్చు: కథ తమ్ముడిది, కళ్ళు అన్నవి. ఆవిడ ఒప్పుకోకపోతే మూడో సీజన్‌లో 2008 ఫిబ్రవరి 14న ప్రసారమైన ‘మిస్టరీ స్పాట్’ ఎపిసోడ్ చూపించండి, ఎందుకంటే అక్కడ పంపకాన్ని తారుమారు చేశారు. సామ్ రోజూ అదే మంగళవారానికి నిద్ర లేస్తాడు, ప్రతి మంగళవారమూ డీన్ ఏదో ఒక విధంగా చనిపోతాడు: తుపాకి గుండుకు ఒకసారి, కారు కింద ఒకసారి, గొంతులో తిండి అడ్డుపడి ఒకసారి, స్నానాల గదిలో జారిపడి ఇంకొకసారి. తెర మీద హడావిడి అంతా డీన్‌దే, చావులన్నీ డీన్‌వే, నవ్వులూ డీన్ వల్లనే. కానీ డీన్‌కు ప్రతి మంగళవారమూ కొత్తదే. వందకు పైగా మంగళవారాలను గుర్తుపెట్టుకుని అలసిపోయేది సామ్ ఒక్కడే. ఆ తరువాత నిజంగానే అన్న లేకుండా ఆరు నెలలు గడిపిన సామ్‌ను రెండు మూడు నిమిషాలలో చూపిస్తారు: పలకరింపు లేదు, నవ్వు లేదు, గాయాన్ని కూడా యంత్రంలా చూసుకునే మనిషి. ఫుటేజీ లెక్కలో ఆ భాగం నిలవదు. సామ్ ఎవరో తెలుసుకోవడానికి నాకు మాత్రం అదే మొదటి ఆధారం.

ప్రశ్న: అన్న కోసం తమ్ముడు సర్వస్వమూ వదులుకోవడం రామాయణం నాటి నుంచి మనకు అలవాటైన కథ. ఇక్కడ అన్నే తమ్ముడి కోసం ప్రాణం ఇస్తాడు. ఈ మార్పు కావాలని చేసినదా?

జవాబు: రామాయణంతో పోలిక తెచ్చారు కనుక ఒక్క మాట. లక్ష్మణుడు నిలబడి సేవ చేసినంతసేపూ కథ రాముడిదే. యుద్ధకాండలో అతను శక్తి తగిలి నేల కూలినప్పుడు, ఇక రాజ్యమెందుకు, గెలుపెందుకు అని అన్న విలపిస్తాడు. రాముణ్ణి మనం అంత దగ్గరగా చూసే ఘట్టాలు తక్కువ. పడిపోయినవాడి వల్ల నిలబడినవాడు మనకు అర్థమవుతాడు. ‘సూపర్‌నేచురల్’ రెండో సీజన్ చివర వెన్నులో కత్తిపోటుతో సామ్ అన్న చేతుల్లోనే చనిపోయినప్పుడు జరిగినది కూడా ఇదే. ఆ గదిలో కదలకుండా పడుకుని ఉన్న తమ్ముడితో డీన్ ఒక్కడే మాట్లాడుకుంటాడు. తమ్ముణ్ణి చూసుకోవడం తన పని అని, ఆ ఒక్క పనీ సరిగ్గా చేయలేకపోయానని తనను తాను తిట్టుకుంటాడు. తరువాత నాలుగు దారుల కూడలికి వెళ్ళి, తమ్ముడు తిరిగి బతకాలని ఒక పిశాచానికి ఆత్మను అమ్ముకుంటాడు. నరకానికి పోయేలోపు అందరికీ పదేళ్ళ గడువు ఇచ్చే పిశాచం అతనికి ఇచ్చింది ఒక్క ఏడాది.

కావాలని చేసినదా అంటే, చేసినదే అంటాను, ఎందుకంటే ఆ బేరంతో రచయితలు ఒక్క దెబ్బకు పాత్రల స్థానాలు మార్చేశారు. అంతవరకు గండం సామ్‌ది, కాపలా డీన్‌ది. మూడో సీజన్‌లో గండం డీన్‌ది, కాపలా సామ్‌ది. 2007–08 నాటి రచయితల సమ్మె వల్ల ఆ సీజన్ 16 ఎపిసోడ్లకే కుదించుకుపోయింది కానీ, లేకపోతే సామ్ వైపు నుంచి నడిచిన ఆ ఏడాదికి ఇంకొంత చోటు దక్కేది.

ప్రశ్న: ఎనిమిదో సీజన్‌లో ఇద్దరికీ సమానంగా ఫ్లాష్‌బ్యాకులు ఇచ్చారు. అయినా సామ్ అభిమానులు ఆ సీజన్ అంటేనే మండిపడతారు. సమానంగా ఇస్తే కూడా తప్పేనా? అన్నను వెతకకుండా సామ్ ఊరుకున్నాడని చూపించడం ఆ పాత్రకు చేసిన అన్యాయం కాదా?

జవాబు: సమానంగా ఇచ్చినది నిమిషాలను మాత్రమే. సమతూకం గురించి రాసేటప్పుడు నేను ఎప్పుడూ ఈ సీజన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే తప్పు ఎక్కడ జరిగిందో ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి లేదు.

జెరెమీ కార్వర్ ధారావాహిక పగ్గాలు పట్టిన తొలి సీజన్ అది. డీన్ ఒక ఏడాది పాటు పర్గెటరీలో, అంటే రాక్షసుల ఆత్మలు చేరే అడవిలో, చిక్కుకుపోయి బయటపడతాడు. అదే ఏడాది సామ్ వేట మానేసి, కారు కింద పడిన కుక్కను బతికించుకోబోయి, ఆ పశువైద్యురాలు అమీలియాతో కాపురం పెట్టాడు. డీన్ జ్ఞాపకాలకు రంగు పోయిన బూడిద వెలుగు, సామ్ జ్ఞాపకాలకు ఎండ పొద్దు వంటి మెత్తని వెలుగు. ఒకటి తరువాత ఒకటిగా రెండింటినీ పేర్చుకుంటూ పోయారు. కాగితం మీద చూస్తే ఇంతకంటే న్యాయమైన పంపకం ఉండదు.

కానీ డీన్ జ్ఞాపకంలో నుంచి బెన్నీ అనే రక్తపిశాచి వర్తమానంలోకి నడిచి వస్తాడు. అతణ్ణి చంపాలా వద్దా, నమ్మాలా వద్దా అన్నది ఈ రోజు తేలవలసిన విషయం. సామ్ కూడా అందులో ఒక పక్షం తీసుకోవలసి వస్తుంది. అంటే డీన్ గతం ఇద్దరి వర్తమానాన్నీ కదిలిస్తుంది. సామ్ గతం మాత్రం సామ్‌ను కూడా పెద్దగా కదిలించదు. అమీలియా అతని వెంట రాదు, వేటకు అడ్డు పడదు, అన్నతో ఆమెకు ముఖాముఖి లేదు. ఒక జ్ఞాపకం కథను తోస్తోంది, రెండవది కథను ఆపి మనల్ని కూర్చోబెడుతోంది. ఇక నిమిషాలు ఎంత సమానమైతే ఏమి?

అన్నను వెతకలేదన్న నింద గురించి అడిగారు. వెతకకపోవడం తప్పని నేననను. నిండా విరిగిపోయిన మనిషి వెతకడం మానేయవచ్చు. అది రాయదగిన విషయమే, గొప్పగా రాయదగిన విషయం. కానీ మానేసిన ఆ పూట ఎలా ఉంటుందో సామ్ పక్కన కూర్చుని మనం చూడాలి కదా. రచయితలు ముందుగా డీన్ కోపాన్ని చూపించారు, సామ్ వైపు కారణాన్ని తరువాత ముక్కలు ముక్కలుగా అందించారు. ఫిర్యాదు ముందు వినిపించి, సంజాయిషీ ఆలస్యంగా వస్తే వినేవారు ఎటు మొగ్గుతారో చెప్పనక్కరలేదు.

తొమ్మిదో సీజన్‌లో ఇదే పొరపాటు ఇంకా లోతుగా జరిగింది. చావబోతున్న తమ్ముణ్ణి బతికించడానికి డీన్ మోసం చేసి ఒక దేవదూతను సామ్ ఒంట్లోకి రానిస్తాడు. తన దేహం తనది కాకుండా పోయిన రోజులను సామ్ అనుభవించాడు. మనం చూసింది మాత్రం నిజం ఎలా దాచాలా అని నలిగిపోతున్న డీన్‌ను. అదే పరిస్థితి తిరగబడి వస్తే అన్నకోసం తాను అటువంటి పని చేయనని సామ్ తరువాత తెగేసి చెప్పినప్పుడు, న్యాయం పూర్తిగా అతని వైపే ఉన్నా, మాట చురుక్కుమన్నది డీన్ ముఖం మీద కనుక సామే కఠినుడిగా మిగిలిపోయాడు. మీ కోపం నాకు అర్థమవుతుంది. ఎనిమిదో సీజన్ చివర చర్చిలో, నరక ద్వారాలు మూసేందుకు దాటవలసిన మూడు పరీక్షలలో చివరిదాని ముంగిట, తాను అన్నను ఎన్ని సార్లు నిరాశపరిచాడో అదే తన అతి పెద్ద పాపమని సామ్ బద్దలైపోయే ఘట్టం చూశాక, ఈ పాత్రకు అటువంటి సీన్లు ఇంకా ఎన్ని రావలసి ఉండెనో అనిపిస్తుంది.

ప్రశ్న: క్యాస్టియల్ రావడం వల్ల అన్నదమ్ముల కథ పలచబడిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

జవాబు: పలచబడిందనను, ఒరిగిందంటాను. 2008 సెప్టెంబరులో నాలుగో సీజన్‌తో వచ్చిన ఈ దేవదూత, డీన్‌ను నరకం నుంచి పైకి లాగినవాడు, పుట్టుకతోనే అన్న వైపు బంధం ఉన్నవాడు. మూడో మనిషికి ఇద్దరితోనూ సమాన బంధం ఉంటే త్రాసు కదలదు; ఇద్దరికీ తండ్రిలా నిలిచిన బాబీ అటువంటివాడు. ఒక్కరికే దగ్గరైతే ఆ పళ్ళెం బరువెక్కుతుంది, ఎందుకంటే ఆ ఒక్కరికి మనసు విప్పుకునేందుకు మరో చోటు దొరుకుతుంది. నాలుగో సీజన్‌లో రచయితలు ఈ సంగతి గుర్తించి, డీన్‌కు దేవదూతను, సామ్‌కు పిశాచాన్ని ఇచ్చి సరిచేశారు. మళ్ళీ 13వ సీజన్‌లో లూసిఫర్ కొడుకు జాక్ వచ్చినప్పుడు, డీన్ అతణ్ణి ద్వేషించగా సామ్ చేరదీస్తాడు. రక్తంలో చెడు ఉందని చిన్ననాటి నుంచి భయపడినవాడే అటువంటి మరో పిల్లవాణ్ణి దగ్గరకు తీయడం సామ్‌కు ఎంతో ఆలస్యంగా దక్కిన మంచి కానుక.

ప్రశ్న: ‘ప్రిజన్ బ్రేక్’ కూడా ఇద్దరన్నదమ్ముల కథే. దానికీ దీనికీ తేడా ఎక్కడ?

జవాబు: 2005 ఆగస్టు 29న, అంటే ‘సూపర్‌నేచురల్’కు సరిగ్గా పదిహేను రోజుల ముందు, ఫాక్స్ చానల్‌లో మొదలైంది అది. మరణశిక్ష పడిన అన్న లింకన్‌ను తప్పించడానికి తమ్ముడు మైఖేల్ జైలు నక్షాను ఒంటి మీద పచ్చబొట్టుగా పొడిపించుకుని కావాలని జైలుకు వెళతాడు. ఇక్కడ సంఘటనలూ కళ్ళూ రెండూ మైఖేల్‌వే. కాపాడబడేవాడు సెల్‌లో కూర్చుని ఎదురుచూడడం తప్ప చేయగలిగింది తక్కువ. అందుకే లింకన్‌కు జైలు బయట ఒక కొడుకును ఇచ్చి, ఆ కుర్రవాణ్ణి ప్రమాదంలో పెట్టి, తండ్రి మనసు అటు లాగేటట్టు చేశారు. విద్యుత్ కుర్చీ దాకా తీసుకువెళ్ళి ఆపిన ఘట్టంలో అతనే కేంద్రం. అయినా ఆ ధారావాహికలో ఇద్దరూ సమానం అని ఎవరూ వాదించరు, వాదించాలని కూడా అనిపించదు. సమానంగా ఉండితీరాలన్న పట్టింపు ఆ కథ పెట్టుకోలేదు కనుక లోటు కూడా కనబడలేదు.

ప్రశ్న: నేను ఒక వెబ్ సిరీస్‌కు స్క్రిప్టు రాస్తున్నాను. అన్నదమ్ములిద్దరూ ప్రధాన పాత్రలే. చదివినవారందరూ తమ్ముడు తేలిపోతున్నాడని అంటున్నారు. అతనికి డైలాగులు పెంచాను, సీన్లు పెంచాను, ఫలితం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: డైలాగులు పెంచినకొద్దీ ఇంకా తేలిపోతాడు. మీ స్క్రిప్టు నేను చూడలేదు కనుక ఊహించి చెబుతాను. ఇద్దరూ ఉన్న ప్రతి సీన్‌కూ చివరి షాట్ ఎవరి మీద పెట్టారో ఒకసారి తిరగేసి చూసుకోండి. మాట అన్నవాడి మీద సీన్ ముగిస్తే కబురు అందినట్టు ఉంటుంది; విన్నవాడి మీద ముగిస్తే ఆ సీన్ విన్నవాడిది అవుతుంది. చాలామంది కొత్త రచయితలు తమకు తెలియకుండానే ప్రతి సీన్‌నూ అన్న ముఖం మీదకే తెచ్చి ఆపుతారు.

రెండవది, తమ్ముడి పేరిట ఒక ఉత్తరం వచ్చిందనుకోండి. అన్న విప్పి, చదివి, దాచాడు. ఇప్పుడు ఉత్తరం తమ్ముడిదే అయినా కథ అన్నది. అదే ఉత్తరాన్ని అన్న దాచిన సంగతి తమ్ముడికి తెలిసి, తెలిసినట్టు చెప్పకుండా ఊరుకున్నాడనుకోండి. ఒక్క డైలాగు కూడా పెంచకుండా తమ్ముడు లేచి నిలబడతాడు. అన్న ఎదురుగా కూర్చుని ఏమీ ఎరగనట్టు అబద్ధమాడుతున్న ప్రతిసారీ మనం తమ్ముడి వైపు చూస్తాము. తమ్ముడికి మీరు ఇవ్వవలసింది అన్నకు తెలియని ఒక సంగతి, అన్న అడ్డుపడినా వదలని ఒక కోరిక. అన్న తెచ్చిన కష్టానికి స్పందించడం తప్ప సొంత పని లేని పాత్రకు ఎన్ని పేజీలు రాసినా పక్కవాద్యమే అవుతుంది. ఎదురు ఉదాహరణ కావాలంటే ఆరో సీజన్‌లో ఆత్మ లేకుండా తిరిగి వచ్చిన సామ్‌ను చూడండి. అన్నను ఒక రక్తపిశాచి తనవంటివాడిగా మారుస్తుంటే ఆపకుండా నిలబడి, సన్నగా నవ్వుతాడు. మాట లేదు. ఆ నవ్వు ఎందుకో తేల్చుకోవడానికి మనం కొన్ని వారాలు అతణ్ణే గమనిస్తూ ఉంటాము.

ప్రశ్న: చివరి ఎపిసోడ్‌లో డీన్‌ను అంత మామూలుగా చంపేయడం, సామ్‌కు నిండు జీవితం ఇవ్వడం చూసి ఏడ్చాను. తమ్ముడికే మొగ్గు చూపారని నాకనిపించింది.

జవాబు: మీ కన్నీటిని కాదనను, లెక్కను మాత్రం ఒప్పుకోలేను. ఒక పాత కొట్టంలో రక్తపిశాచులతో పోరాడుతూ, పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వ దిగి డీన్ చనిపోతాడు. ఆ మరణానికి ఇచ్చిన వ్యవధి గుర్తు తెచ్చుకోండి: కదల్లేని అన్న, ముఖంలో ముఖం పెట్టిన తమ్ముడు, చెప్పవలసినవన్నీ చెప్పి, ఇక వెళ్ళవచ్చు అని తమ్ముడి నోట వినే వరకూ సాగిన వీడ్కోలు. ఆ తరువాత సామ్‌కు దక్కినది ఒక కొడుకు, కళ్ళజోడు, నెరిసిన జుట్టు, చివరి మంచం. దశాబ్దాల జీవితం కొన్ని నిమిషాల దృశ్యమాలిక. అదీ ఎలా చూపించారు? స్వర్గంలో డీన్ కారెక్కి అలా ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు ఇక్కడ సామ్ బతికి, ముసలివాడై, వెళ్ళిపోతాడు. నిండు జీవితం దక్కింది సామ్‌కే, కానీ దాన్ని కూడా మనం డీన్ నడిపిన దూరంతో కొలిచాము. మొగ్గు ఎటు ఉందో మీరే చెప్పండి.

ప్రశ్న: ఇది చిన్న సందేహం. కారు ఎప్పుడూ డీనే నడుపుతాడు. సామ్ పక్క సీటులోనే కూర్చుంటాడు. దీనికి ఏమైనా అర్థం ఉందా?

జవాబు: చిన్న సందేహం కాదు. 1967 నాటి ఆ నల్లని షెవ్రొలే ఇంపాలా ఇద్దరి ఇల్లు, అయితే అందులో పెత్తనం అన్నది: దారి అతనిది, పాట అతనిది. అందుకే 11వ సీజన్‌లో కెమెరా కారు వదలకుండా తీసిన ‘బేబీ’ ఎపిసోడ్ నాకు ఇష్టం. కారు లోపల ఇద్దరికీ ఉన్నది ఒకటే బెంచీ, ఒకటే అద్దం. రాత్రి ఆ సీట్లలోనే పడుకుని మాట్లాడుకుంటున్నప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది లేకుండా పోతుంది. 2010 మే 13న వచ్చిన ఐదో సీజన్ చివరి ఎపిసోడ్‌లోనూ కారే తీర్పు చెప్పింది. సామ్ దేహంలో ఉన్న లూసిఫర్ డీన్‌ను ముఖం గుర్తుపట్టలేనంతగా కొడుతున్నప్పుడు, ఎండ తళుక్కుమన్న వైపు చూపు మళ్ళి, చిన్నప్పుడు సామ్ యాష్‌ట్రేలో ఇరికించిన ఆకుపచ్చ బొమ్మ సిపాయి కనబడుతుంది. సామ్ తన దేహాన్ని తిరిగి పట్టుకుంటాడు, లూసిఫర్‌తో సహా గోతిలోకి దూకుతాడు. లోకాన్ని కాపాడింది తమ్ముడు. కదలకుండా దెబ్బలు తిని, నేనిక్కడే ఉన్నానన్నది అన్న.

మీరడిగిన సీటు సంగతికి నాలుగో సీజన్ తొలి ఎపిసోడ్‌లో ఒక జవాబు ఉంది. నరకం నుంచి తిరిగి వచ్చిన డీన్ నాలుగు నెలల తరువాత మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. సామ్ ఒంటరిగా నడిపిన ఆ రోజులలో కారుకు ఐపాడ్ తగిలించుకున్నాడు. డీన్ దాన్ని చూసి, కారును జాగ్రత్తగా చూసుకోమంటే ఇలా పాడుచేస్తావా అని విసుక్కుని, పీకి వెనుక సీటులోకి విసిరేస్తాడు. మనం నవ్వుతాము. ఇది నా కారే అనుకున్నానని సామ్ అంటాడు, కారు కదులుతుంది.